పిలుపుల రేవులో మూడో గంట

మా నోనాపోతా దీవిలో దక్షిణపు కరకట్ట చివర ఒక రేవుంది. పొద్దు వాలితే అక్కడ పడవ కట్టరు. పొరపాటున కట్టినా, విప్పుకొచ్చి అరమైలు ఎగువన కట్టుకుంటారు. దాని పేరు పిలుపుల రేవు.

రేవంటే పెద్ద రేవేం కాదు. బురదలోకి దిగిన నాలుగు ఇటుక మెట్లు, పక్కన తుప్పుపట్టిన ఇనుప మంచె. అడవిని కనిపెట్టి ఉండటానికి ఎవరో ఎప్పుడో కట్టించి వదిలేశారు. మెట్ల ముందు ఏరు. ఏటి అవతల అడవి. ఆ అడవికి పోయి తిరిగిరాని మగవాళ్లు చీకటి పడ్డాక ఆ మెట్ల మీదికొచ్చి, ఇంటివాళ్లని పేరుపెట్టి పిలుస్తారని మా పెద్దలు చెప్పేవారు. మేమూ చెబుతాం.

నిజానికి పిలిచేది వాళ్లు కాదు. నిశి.

నిశికి సొంత గొంతుండదు. మొగుడి గొంతుతో పిలుస్తుంది, తమ్ముడి గొంతుతో పిలుస్తుంది. పలికావా... అంతే. తలుపు తీసుకుని, నిద్రలో నడిచినట్టు నడిచి, ఏట్లోకి దిగిపోతావు.

దానికీ ఒక కట్టడి ఉంది. రెండుసార్లే పిలవగలదు. మూడోసారి దానికి నోరు రాదు. అందుకే మా వైపు రాత్రిపూట ఎవరు పిలిచినా, కడుపున పుట్టినవాడు పిలిచినా, మూడో పిలుపు దాకా పలకం. అమ్మ అనడం నేర్చిన ఏడాదే పిల్లలకి ఇదీ నేర్పుతాం.

తొమ్మిదేళ్ల కిందట ఒక రాత్రి, ఆ రేవు వైపు నుంచి నా తమ్ముడు దీను గొంతు వినిపించింది. పీతలకని అడవికి వెళ్లినవాడు. ఇంకో మూడు రోజులకి గాని రాడు.

"అక్కా..."

కాసేపటికి మళ్లీ—

"అక్కా..."

నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. మూడోది రాలేదు. నిశే అనుకున్నాను. అడవిని కాచే బన్‌బీబీ తల్లికి దండం పెట్టుకుని పడుకున్నాను కూడా.

తెల్లవారి చూస్తే మెట్ల మీద వాడు. మెడ మీద మామ పంజా గాటు. పులి పేరు మేం పలకం, మామ అంటాం. ఆ మెడతో ఏరు దాటి, నా గుమ్మానికి రెండు వందల అడుగుల దూరం దాకా వచ్చాడు. మూడోసారి పిలవడానికి వాడికి ఊపిరి చాల్లేదు.

వాడి కూతురు అహల్యకి అప్పుడు పదహారేళ్లు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

తరవాత అది బజారులో ఫోన్లు బాగుచేసే కొట్టులో కుదిరింది. నిరాపద్‌ని పెళ్లి చేసుకుంది. వాడూ పీతలవాడే. ఆ ఏడు పెద్ద తుఫానొచ్చి ఫోను టవరు పడిపోయింది. పంతొమ్మిది రోజులు ఏ దీవిలో ఎవరు బతికున్నారో ఏ దీవికీ తెలియదు. ఆ పంతొమ్మిది రోజులూ, అడవికెళ్లిన నిరాపద్ కోసం అహల్య నా వరండాలో కూర్చుని ఏటికేసి చూసింది. ఇరవయ్యో రోజున పెట్టెలు చెయ్యడం మొదలుపెట్టింది.

అగ్గిపెట్టెంత పచ్చ సర్క్యూటు బిళ్ల ఒకటి. దానికొక తీగ. పాత లాప్‌టాపులు విప్పి తీసిన బ్యాటరీలు. అరచేతంత సోలారు పలక. అన్నీ కలిపి ప్లాస్టిక్ టిఫిను డబ్బాలో అమర్చి, ఉప్పుగాలి చొరకుండా చుట్టూ మైనం పోసేది.

పక్కింటి కామిని వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చూసేది. "ఏమే అహల్యా, టిఫిను డబ్బాలో అన్నం పెట్టాలి గాని తీగలు పెడతావేం? నీ మొగుడు ఇవి నములుతాడా?"

"నములుతాడు పిన్నీ. ఉప్పు తక్కువైందని అనకుండా నమిలితే అదే చాలు."

"దీనికి టవరుండదా మరి?"

"అక్కర్లేదు. ఈ పెట్టె మాట పక్క పెట్టెకి చెబుతుంది. అది దాని పక్కదానికి. మన వల లాగే. ఒక ముడి తెగినా ఇంకో ముడి మీదుగా మాట పోతుంది. మెష్ రేడియో అంటారు."

నిరాపద్ తాడు పేనుతూ నవ్వాడు. "మన కరకట్ట ఆడవాళ్లు చేసే పనే ఇది. ఇక్కడ తుమ్మితే ఏడో ఇంట్లో కషాయం కాస్తారు. దీనికి బ్యాటరీ ఎందుకు?"

కరకట్ట మీద మా ఇళ్లు ఏడు. ఏడింటికీ ఏడు పెట్టెలు. పడవకొకటి. పడవలో ఫోనులో రాస్తే, పెట్టె దాన్ని పంపుతుంది. ఇంట్లో పెట్టెకి చిన్న గంట, బొటనవేలంత గాజు తెర, ఒక పచ్చ మీట. గంట మోగుతుంది, గాజు మీద అక్షరాలు వస్తాయి, మీట నొక్కితే పడవలో వాళ్లకి 'చేరింది' అని కనిపిస్తుంది. నొక్కకపోతే ఎవరూ పలకలేదని లెక్క. పెట్టె మళ్లీ పిలుస్తుంది.

అయితే అడవికీ మా ఇళ్లకీ మధ్య మాట అందుకుని విసిరేందుకు ఎత్తున ఒక పెట్టె ఉండాలి. ఎత్తంటే మా దీవిలో ఒకటే ఎత్తు. పిలుపుల రేవులో ఆ ఇనుప మంచె.

కామిని ముఖం నల్లబడింది. "అక్కడొద్దే తల్లీ. అక్కడ పెడితే ముందు మాట్లాడేది వాళ్లే."

"నిశి గొంతుని దొంగిలిస్తుంది పిన్నీ. అక్షరాలెక్కడ నేర్చుకుంటుంది? నీకు నేర్పడానికే నాకు రెండేళ్లు పట్టింది."

అందరం నవ్వాం. కామిని కూడా నవ్వింది. నేనూ కామినీ ఒకే పలక మీద దిద్దాం మరి.

మిట్టమధ్యాహ్నం అహల్యే మంచె ఎక్కింది. ఆ డబ్బాకి కుంకుమ బొట్టు పెట్టి, బన్‌బీబీ తల్లి పేరు చెప్పి, తీగతో బిగించింది. కిందికి దిగుతూ ఆఖరి మెట్టు దగ్గర కాస్త ఆగింది. వాళ్ల నాన్న తల ఉన్న చోట. ఆ ఇటుకని చేత్తో ముట్టుకుని వచ్చేసింది.

పది రోజులు పరీక్షలు చేశాం. పండగలా ఉండేది. గంట పూర్తిగా మోగక ముందే ఏడిళ్లలో ఏడు వేళ్లు మీట మీద పడేవి. కామిని అవతలింటి హారాణ్ భార్య తరుబాల అయితే మోగకపోయినా నొక్కేది. "ఎందుకే?" అంటే, "పాపం, ఎదురుచూస్తుందేమోనని!" అనేది.

అన్నీ పగటి పరీక్షలే. రాత్రిపూట ఒకసారి మోగించి చూడాలని ఎవరికీ తోచలేదు.

భాద్రపదం ముసురు పట్టుకుంది. పన్నెండు రోజులు ఎండ లేదు. మంచె మీద పెట్టెకి బ్యాటరీ చాలక అర్ధరాత్రికే సోలిపోతోంది. అహల్య ఒక చిన్న మార్పు చేసింది. జవాబు రాకపోతే మూడుసార్లు పిలవమని అన్ని పెట్టెలకీ చెప్పి ఉండేది. దాన్ని రెండుకి తగ్గించింది. బ్యాటరీ మిగులుతుందని.

ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవలసినంత సంగతని అది అనుకోలేదు.

నిరాపద్, హారాణ్ పీతలకి బయల్దేరారు. హారాణ్‌కి యాభై దాటాయి, నోరు మాత్రం ఇరవై దగ్గరే ఆగింది. పడవలో పెట్టెని చూసి, "చూడు నిరాపద్, ముప్పై ఏళ్లుగా తరు నుంచి పారిపోయి అడవికొస్తున్నాను. నీ పెళ్లాం నా దారి మూసేసింది" అన్నాడు.

తరుబాల ఒడ్డునుంచే, "మీట నొక్కనులే, పో!" అంది.

నవ్వుతూనే వెళ్లారు. మగవాడు అడవిలో ఉన్నన్నాళ్లూ మేం తల దువ్వం, మిరపకాయ వేయించం. అహల్యా, తరుబాలా జడలు విప్పేసుకున్నారు.

నాలుగో రోజు కొత్త బ్యాటరీల కోసం అహల్య క్యానింగ్ పట్నం వెళ్లింది. సాయంత్రానికి గాలి లేచింది. లాంచీలు ఆపేశారు. అది ఆ రాత్రి అక్కడే చిక్కుపడింది.

అమావాస్య ఇంకా రెండు రోజులుంది. నా గదిలో బుడ్డి దీపం. తడిక అవతల కామిని దగ్గు. కాసేపటికి అదీ ఆగింది...

గంట మోగింది.

లేచి కూర్చున్నాను. గాజు మీద అక్షరాలు వెలుగుతున్నాయి. ఒక్కొక్కటే కూడబలుక్కున్నాను.

'నిరాపద్. తిల్లపాయ ఏటి మొగ దగ్గర. పడవ చీలింది. నీళ్లు ఎక్కుతున్నాయి. రండి.'

నా వేలు మీట దాకా వెళ్లింది. అక్కడ ఆగిపోయింది.

చీకటి. మన మనిషి పేరు. రమ్మని పిలుపు. వచ్చింది ఎక్కణ్నుంచి? ఆ మంచె మీంచి. ఆ రేవు మీంచి.

నిశికి అక్షరాలు రావంది అహల్య. కానీ... అరవై దాటాక నేను నేర్చుకోలేదూ? దానికి నాకంటే తీరికెక్కువ.

గాజు ఆరిపోయింది.

రెండోసారి మోగింది. అవే అక్షరాలు. అదే 'రండి'.

చేతిని వెనక్కి లాక్కుని నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఇంకొక్కటి. ఇంకొక్కటి మోగితే నొక్కుతాను. తల్లీ, ఇంకొక్కటి...

గాజు మళ్లీ ఆరింది. మళ్లీ వెలగలేదు.

తడిక అవతల కామిని ఇంట్లో చాప చప్పుడు కూడా లేదు. నిద్రపోయేవాళ్ల ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉండదు. ఆ పక్క తరుబాల ఇల్లు. ఆ పక్కది. ఆ పక్కది... చీకట్లో ఏడిళ్ల గంటలూ రెండేసిసార్లు మోగి ఉంటాయి. ఏ తలుపూ తెరుచుకోలేదు.

ఏటి చప్పుడు వింటూ కూర్చున్నాను. పోటు మొదలైనప్పుడు నీళ్లు మెట్లని నాకుతున్నట్టు ఉంటాయి. తరవాత కరకట్ట బురదని తడతాయి. నిండు పోటులో ఏ చప్పుడూ ఉండదు. గంట మోగినప్పుడు మెట్ల చప్పుడు. ఇప్పుడు బురద తడుతున్న చప్పుడు. బుడ్డిలో కిరసనాయిలు సగానికి దిగింది.

ఆ చప్పుడు కూడా సన్నబడటం మొదలైంది...

గడియ లాగి, వానలోకి వచ్చి, గొంతు చిరిగేలా అరిచాను. "మూడోది మోగింది! లేవండర్రా! మూడోది మోగింది!"

అరుపు పూర్తికాకుండానే తలుపులు. ఒకటి... రెండు... అన్నీ. కామిని లాంతరుతో వచ్చింది. "నేనూ విన్నానక్కా! మూడోది!" విరబోసిన జుట్టుతో తరుబాల పరిగెత్తుకొచ్చింది. "మోగింది, మోగింది, నాకూ మోగింది!" అటు చివరి ఇంటి నుంచి కూడా కేకలు. మోగింది, విన్నాం అని.

కామిని కొడుకులిద్దరూ మోటారు పడవ తీశారు. రాత్రిపూట ఎవరూ అడుగుపెట్టని ఆ రేవు మీదుగానే తీశారు. అదే దగ్గర దారి.

మేం ఏడుగురం మెట్ల మీద నిలబడ్డాం. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోలేదు. ఎందుకో పట్టుకోలేదు.

తెల్లవారుతుండగా పడవ వచ్చింది.

నిరాపద్ ఉన్నాడు. పెదాలు సున్నంలా ఉన్నాయి. కుడి మణికట్టుకి ఎర్ర తువ్వాలు ముడివేసి ఉంది. రెండో కొస వేలాడుతోంది. ఆ కొసకి ఏమీ లేదు.

అది హారాణ్ తువ్వాలు.

మునిగిన మొద్దుకి తగిలి పడవ చీలిందట. ఒక్క మాట పంపగానే బోల్తాపడింది. పెట్టె, ఫోను ఏటి అడుక్కి పోయాయి. ఇద్దరూ ఒక మడచెట్టుని పట్టుకుని, చేతులు తువ్వాలుతో కలిపి కట్టుకున్నారు.

"నీళ్లు నడుము దాకా ఉన్నప్పుడు బాబాయి నన్ను నవ్విస్తూనే ఉన్నాడు అత్తా," అన్నాడు నిరాపద్. "మీట నొక్కనంది, నిజంగానే నొక్కలేదు చూడు అన్నాడు. ఛాతీ దాకా వచ్చినప్పుడూ మాట్లాడాడు. తరవాత చలికి పళ్లు కొట్టుకోవడమే వినిపించింది. తరవాత... ముడి తనే విప్పుకున్నాడో, జారిందో. నేను చీకట్లో పిలుస్తూనే ఉన్నాను. ఎంతో సేపు కాలేదు, లాంతరు కనిపించింది."

హారాణ్ దొరకలేదు. అడవి ఇచ్చేదీ దాచుకునేదీ అడవి ఇష్టం.

మర్నాడు సాయంత్రం అహల్య లాంచీ దిగింది. మొగుణ్ని చూసుకుంది, వాడి తల తుడిచింది, వెళ్లి మంచె ఎక్కింది. పెట్టె ఏం పంపిందో, ఎన్నిసార్లు పంపిందో ఆ పెట్టెలోనే రాసి ఉంటుందట. చీకటి పడ్డాక నా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అత్తా... మూడోది ఎవరు పంపారు?"

నేను బుడ్డి వత్తి ఎగదోశాను.

"రెండే ఉన్నాయి. రెండుకి నేనే తగ్గించాను, బ్యాటరీ కోసం. నిరాపద్ పెట్టె అప్పటికే నీళ్లలో పోయింది. మూడోది మోగడానికి దారే లేదు." గోడకి ఆనుకుని జారి కూర్చుంది. "మీరందరూ మూడోదాని కోసమే చూస్తారని నాకు తెలియదా అత్తా? పాలతో తాగిన మాటే కదా! పెట్టె దగ్గరికొచ్చేసరికి తోచలేదు. నాన్న కోసం కట్టాను. నాన్నని చంపినదాన్నే మళ్లీ కట్టాను."

దాని తల నా ఒళ్లో పెట్టుకున్నాను.

రెండు రోజుల్లో ఈ మాట దీవంతా పాకింది. పెట్టె రెండుసార్లే పిలిచిందట, మూడోది దీను పిలిచాడట. తను పోయిన రాత్రి మిగిలిపోయిన పిలుపు అల్లుడి కోసం పిలిచాడట. జనం పడవలు వేసుకుని వచ్చి మంచెకి ఎర్ర గుడ్డలు కట్టారు, దీపాలు పెట్టారు. ఇప్పటికీ పెడుతున్నారు.

అహల్య పెట్టెలన్నీ విప్పింది. ఇప్పుడు గంట ఒకసారి మోగి ఆగదు. మోగిందంటే మూడుసార్లు, వెంటవెంటనే. ఎదురుచూడ్డానికి సందు లేకుండా. ఆ తరవాత మూడు వానాకాలాలు గడిచాయి. రాత్రిళ్లు ఆ పెట్టెలు పిలిస్తే వెళ్లి నలుగురిని తెచ్చుకున్నాం.

ఇన్నాళ్లూ దాచినది ఇక్కడ రాస్తున్నాను. అహల్య ఇది చదువుతుంది. చదవనీ.

ఆ రాత్రి మూడోది మోగలేదు.

నేను అబద్ధం అరిచాను. నిశి లేదని తెలిసి కాదు, భయం పోయీ కాదు. నిండు పోటు నిశ్శబ్దం వస్తోందని, అది వచ్చాక ఇక ఎవరూ ఎవరినీ పిలవరని తెలిసి అరిచాను. రెండే మోగాయంటే ఒక్క తలుపు కూడా తెరుచుకోదు. అందుకని మూడోది మోగిందన్నాను.

మరి కామిని విన్నానంది. అందరూ విన్నామన్నారు. అదే నన్ను మూడేళ్లు నిద్రపోనివ్వలేదు. నా పెట్టె ఒక్కటే మోగలేదా? దీను అందరినీ పిలిచి నన్ను వదిలేశాడా?

పోయిన చలికాలం, వరండాలో పీతల తాడుకి ఎర కడుతూ, ఉండబట్టలేక కామినితో చెప్పేశాను.

కామిని చేతులు ఆగిపోయాయి.

"నా పెట్టె ఆ పొద్దుటి నుంచే చచ్చి ఉందక్కా. నీ ఇంట్లో మోగినవే రెండూ విన్నాను, తడికలోంచి."

"మరి మూడోది?"

"నువ్వు అరిచావుగా."

"మోగలేదని తెలుసా నీకు?"

"తెలుసు. ఎవరో ఒకరు అంటారేమోనని చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. నువ్వు అనగానే ప్రాణం లేచొచ్చింది."

తక్కిన ఇళ్లలో ఒక్కొక్కరినే, దీపం పెట్టేటప్పుడో నీళ్ల దగ్గరో, మెల్లగా అడిగాం. అందరిదీ అదే జవాబు. ఎవరికీ మోగలేదు. ఎవరో ఒకరు ముందు అబద్ధం ఆడితే చాలని, తలుపు వెనక చెప్పులేసుకుని కూడా కూర్చున్నారట ఇద్దరు. అంతసేపూ నీళ్లు హారాణ్ నడుము దగ్గర ఉన్నాయి. అంతసేపూ అతను నవ్విస్తూనే ఉన్నాడు.

తరుబాలని మాత్రం అడగలేదు. ఎలా అడుగుతాం?

ఆమె రోజూ సాయంత్రం మంచె దగ్గరికి వస్తుంది. తెల్లచీర కొంగు నెత్తిన కప్పుకుని దీనుకి దీపం పెడుతుంది. ఒక్కణ్నయినా తెచ్చిచ్చాడని దండం పెడుతుంది. నిన్న నేనూ అక్కడే ఉన్నాను. గాలికి వత్తి నిలవడం లేదు. నేను అరచేతులు అడ్డం పెట్టాను. ఆమె వెలిగించింది.

అప్పుడు నాకేసి తిరిగి, చిన్నపిల్ల అడిగినట్టు మెల్లగా అడిగింది.

"అంతా తెలిసినవాడే కదా అక్కా మీ తమ్ముడు... మూడోది అంత ఆలస్యంగా ఎందుకు మోగించాడంటావ్?"